పెరుగు చేసే మేలెంత?

ఇంట్లో తోడేసిన గిన్నె ఒకవైపు, కొట్లో ‘ప్రోబయోటిక్’ సీసా మరోవైపు. పేగులకు మంచిదని, రోగనిరోధకశక్తిని పెంచుతుందని రెండింటి గురించీ చెబుతారు. అందులో రుజువైనదెంత? హైదరాబాద్‌లోని తార్నాక చుట్టుపక్కల పరిశోధనశాలల నుంచి ఒడిశా పల్లెల దాకా శాస్త్రం తేల్చిన సంగతులివి.

రాత్రి ఎనిమిది దాటితే వారాసిగూడ కిరాణా కొట్లలో ఫ్రిజ్ తలుపు మూతపడదు. ఉస్మానియాలో చదువుకుంటూ ఈ సందుల్లో గదులు తీసుకున్న విద్యార్థులు, డ్యూటీ దిగి ఇంటికెళ్లే ఉద్యోగులు, అమ్మ చేతికిచ్చిన చిల్లర పట్టుకుని పరుగెత్తుకొచ్చే పిల్లలు, అందరూ అడిగేది పెరుగు ప్యాకెట్టే. ఎన్ని కూరలు వండినా చివర్లో పెరుగన్నం కలుపుకోనిదే మనకు భోజనం అయినట్టుండదు. అదే ఫ్రిజ్ పై అరలో కొన్నాళ్లుగా చిన్న సీసాలు, కాస్త ఖరీదైన కప్పులు చేరాయి. వాటి మీద ‘ప్రోబయోటిక్’ అని, ‘కోట్లాది మంచి బ్యాక్టీరియా’ అని, ‘ఇమ్యూనిటీ’ అని రాసి ఉంటుంది.

కొవిడ్ వచ్చి వెళ్లాక ఇమ్యూనిటీ అన్న మాటకు గిరాకీ ఎక్కువైంది. ఇంట్లో తరచూ జలుబు చేసే పసివాడో, షుగరున్న పెద్దాయనో ఉంటే ఆ సీసా వైపు చెయ్యి వెళ్లడం సహజం. కొనగలిగినవాళ్లు కొంటున్నారు. కొనలేనివాళ్లు పిల్లలకు ఏదో తక్కువ చేస్తున్నామని బాధపడుతున్నారు. ఆ బాధ అవసరమా? మామూలు పెరుగు చాలదా?

జవాబు పక్కనే ఉంది

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి వారాసిగూడ వాసి ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక వైపు నడిస్తే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో, బెరిబెరి వ్యాధి మీద రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధనే ఈ సంస్థకు పునాది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇంకాస్త ముందుకెళితే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, ఇటు లాలాపేటలో విజయ డెయిరీ. పాల డెయిరీ, ఆ పాలు మనిషి ఒంట్లో ఏమవుతాయో పరీక్షించే చోట్లు ఇక్కడ ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాయి.

గిన్నెలో రాత్రంతా

ముందు ఇంటి పెరుగు సంగతి చూద్దాం. పాలు బాగా కాగబెట్టి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, నిన్నటి పెరుగు ఒక చెంచా వేసి కలిపి మూత పెడతాం. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మరీ చల్లారితే కదలకుండా ఉండిపోతుంది. అందుకే వేసవిలో నాలుగైదు గంటల్లో తోడుకునే పెరుగు చలికాలంలో తెల్లారినా నీళ్లలాగే ఉంటుంది. అప్పుడు గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెడతారు. నలభై డిగ్రీల దగ్గర వెచ్చదనం ఆ జీవులకు అనుకూలం.

ఆ చెంచాడు తోడులో ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పాలలోని చక్కెరను, అంటే లాక్టోజ్‌ను, తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పాల పీహెచ్ 6.6 దగ్గర మొదలై దిగుతూ వస్తుంది. 4.6కు చేరేసరికి కేసిన్ అనే ప్రొటీన్ నీళ్లలో తేలలేక ఒకదానికొకటి అల్లుకుని గడ్డకడుతుంది. అదే పెరుగు. పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోతే మధ్యాహ్నానికి పులిసిపోయేది కూడా ఈ ఆమ్లం పెరుగుతూ పోవడం వల్లే. చక్కగా తోడుకున్న తాజా పెరుగులో గ్రాముకు కోట్లలో బ్యాక్టీరియా ఉంటుంది.

అయితే మా ఇంటి తోడు, మీ ఇంటి తోడు ఒకటి కావు. పాలు ఎక్కడివి, గిన్నె ఏది, తోడు ఎవరింటి నుంచి తెచ్చారు, ఎన్నేళ్లుగా వేస్తున్నారు అన్నదాన్ని బట్టి అందులోని జాతులు మారిపోతాయి. డెయిరీలో మాత్రం ఎంచుకున్న జాతులనే కొలిచి వేస్తారు. యోగర్ట్ అని అమ్మేదానిలో స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనే రెండూ ఉండాలి. ఇంటి పెరుగుకు అలాంటి నియమం లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. తర్వాత చెప్పబోయే సంగతులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

పాలు పడనివాళ్లకు పెరుగు ఎందుకు పడుతుంది?

‘పాలు తాగితే కడుపుబ్బరం, పెరుగైతే ఏమీ కాదు’ అనే మాట మన ఇళ్లలో తరచూ వింటుంటాం. దాని వెనకున్న శాస్త్రంలో కొంత ఈ ఊళ్లోనే తేలింది.

పాల చక్కెరను విడగొట్టడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. పసిపిల్లలందరికీ అది సమృద్ధిగా ఉంటుంది. పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. భారతీయుల్లో ఈ లాక్టేజ్ లోపం మీద జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ వినోదినీ రెడ్డి, జితేందర్ పర్షాద్‌తో కలిసి 1972లోనే అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో పరిశోధన పత్రం ప్రచురించారు. 1981లో వచ్చిన మరో అధ్యయనంలో దక్షిణాదిన పరీక్షించినవారిలో 66.6 శాతం మందికి లాక్టోజ్ పడలేదని, ఢిల్లీలో అది 27.4 శాతమేనని తేలింది. ఈ తేడాకు జన్యు కారణాన్ని వెతికిన అంతర్జాతీయ బృందంలో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్ ఉన్నారు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలిగే జన్యుమార్పు యూరప్‌లో ఉన్నదీ మన దేశంలో ఉన్నదీ ఒకటేనని, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది తగ్గిపోతుందని 2012లో వారు చూపించారు.

అంటే తెలుగు నేల మీద పెద్దవాళ్లలో చాలామందికి పాలు పూర్తిగా అరగవు. అయినా ఇక్కడ పాడి తగ్గలేదు. పాలను పెరుగు చేసుకున్నారు, చిలికి మజ్జిగ చేసుకున్నారు. తోడుకునేటప్పుడే లాక్టోజ్‌లో కొంత ఖర్చయిపోతుంది. మిగిలినదాన్ని అరిగించే ఎంజైమ్ కూడా పెరుగులోని బ్యాక్టీరియాలోనే ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం నుంచి ఆ బ్యాక్టీరియా కణం తన లోపలి ఎంజైమ్‌ను కాపాడుతుంది. చిన్నపేగులోకి వచ్చాక పైత్యరసం తగిలి కణం పగులుతుంది. ఎంజైమ్ బయటపడి, మన పేగు చేయలేని పని చేసిపెడుతుంది. పెరుగు తన లాక్టోజ్‌ను తానే అరిగించుకుంటుందని 1984లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పత్రం నిరూపించింది. ప్రోబయోటిక్‌ల పేరుతో కంపెనీలు పంపిన ఆరోగ్య ప్రకటనలను వరసగా తోసిపుచ్చిన యూరప్ ఆహార భద్రతా సంస్థ సైతం 2010లో దీన్ని ఒప్పుకుంది. గ్రాముకు కనీసం 10 కోట్ల సజీవ బ్యాక్టీరియా ఉన్న యోగర్ట్ లాక్టోజ్ అరుగుదలకు తోడ్పడుతుందని ప్రకటించింది.

పాల ఉత్పత్తుల్లోని సూక్ష్మజీవుల గురించి చెప్పేవాటిలో ఇంత గట్టిగా రుజువైనది మరొకటి లేదు. దీనికి ఖరీదైన సీసా అక్కర్లేదు. సజీవమైన మామూలు పెరుగు చాలు.

ప్రోబయోటిక్ అంటే ఏది?

పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఇల్యా మెచ్నికోవ్ రోగనిరోధక వ్యవస్థ మీద చేసిన కృషికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. పుల్లటి పాలలోని బ్యాక్టీరియా పేగుల్లో చేరితే వార్ధక్యం వెనక్కు తగ్గుతుందన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. బల్గేరియా పెరుగులోని బ్యాక్టీరియాను స్టామెన్ గ్రిగోరోవ్ 1905లో గుర్తించారు. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో కడుపులోని ఆమ్లాన్ని, పైత్యరసాన్ని తట్టుకునే లాక్టోబాసిల్లస్ కేసీ రకాన్ని వేరుచేశారు. 1935లో యాకుల్ట్ పేరుతో అది పాల పానీయంగా అమ్మకానికి వచ్చింది.

ఈ రోజు శాస్త్రవేత్తలు ప్రోబయోటిక్ అని దేన్నంటారు? 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి దీన్ని నిర్వచించాయి. సూక్ష్మజీవి ప్రాణంతో ఉండాలి, తగినంత సంఖ్యలో ఉండాలి, తీసుకున్నవారికి మేలు చేస్తుందని రుజువు కావాలి. మూడూ ఉంటేనే ప్రోబయోటిక్. ఆ లెక్కన పెరుగన్నదల్లా ప్రోబయోటిక్ కాదు. ఇంటి పెరుగులో ప్రాణమున్న బ్యాక్టీరియా ఉన్నా, అది ఏ జాతో తెలియదు, ఏ జబ్బుకు ఏ మేలు చేస్తుందో పరీక్షించలేదు. అందువల్ల పెరుగు విలువ తగ్గిపోదు. అది పోషకాహారం. ప్రొటీన్, క్యాల్షియం, బి12 ఇస్తుంది. మందుకు పెట్టే పరీక్ష దానికి పెట్టనక్కర్లేదు. మందులా పనిచేస్తానని చెప్పుకునే సీసాకు మాత్రం ఆ పరీక్ష తప్పదు.

పేగు గోడ దగ్గర ఏం జరుగుతుంది?

మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా కణాలు ఉంటాయని 2016లో వేసిన అంచనా. ఇది దాదాపు మన సొంత కణాల సంఖ్యతో సమానం. వీటిలో అత్యధిక భాగం పెద్దపేగులోనే. వాటికీ మన రక్తానికీ మధ్య ఉన్నది పలచని జిగురు పొర, దాని వెనక ఒకే ఒక్క వరస కణాలు. ఆ కణాల వెనక రోగనిరోధక వ్యవస్థ కాపలా కాస్తుంది. చిన్నపేగు గోడలో పేయర్స్ ప్యాచెస్ అనే చోట్ల, లోపల ఏం వస్తోందో రుచి చూసే ప్రత్యేక కణాలున్నాయి. అవి తెచ్చిన సమాచారంతో తెల్లరక్తకణాలు శిక్షణ పొందుతాయి. ఐజీఏ అనే యాంటీబాడీ తయారై జిగురు పొరలోకి చేరుతుంది. హాని చేసే సూక్ష్మజీవిని గోడకు అంటుకోనివ్వకుండా ఆపేది అదే.

ఈ శిక్షణలో ముఖ్యమైనది యుద్ధం ఎప్పుడు చేయకూడదో నేర్చుకోవడం. తిన్న పప్పు మీద, పాల మీద, ఇన్నాళ్లూ కలిసున్న బ్యాక్టీరియా మీద ఒళ్లు తిరగబడకూడదు. కూరగాయల్లోని పీచును పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. పేగు గోడ కణాలకు అవే ముఖ్యమైన ఇంధనం. మంటను అదుపులో ఉంచే కణాలు తయారు కావడానికీ అవి తోడ్పడతాయి. అందుకే ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అనే మాట శాస్త్రానికి సరిపోదు. కీళ్లవాతం వంటి స్వయంప్రతిరక్షక జబ్బుల్లో నిరోధక వ్యవస్థ అతిగా పనిచేయడమే సమస్య. ఒంటికి కావాల్సింది పెంపు కాదు, సమతూకం.

బయటి నుంచి వచ్చిన ప్రోబయోటిక్ ఈ గోడ దగ్గర ఏం చేయగలదు? హానికర జీవులకు చోటు దక్కనివ్వకపోవచ్చు. ఆమ్లం వదిలి వాటిని అణచవచ్చు. ఐజీఏ తయారీని ప్రేరేపించవచ్చు. అయితే ఒక రకం చేసే పని ఇంకో రకం చేస్తుందన్న హామీ లేదు. ఒకే జాతిలో కూడా రకాన్ని బట్టి గుణం మారుతుంది. పైగా చాలా ప్రోబయోటిక్‌లు పేగులో కాపురం పెట్టవు, తీసుకోవడం మానేసిన కొద్ది రోజులకే వెళ్లిపోతాయి.

పిల్లల మీద పరీక్షలు ఏం చెప్పాయి?

పాల పానీయంతో మన దేశంలో జరిగిన పెద్ద పరీక్ష కోల్‌కతాది. ఒకటి నుంచి ఐదేళ్ల మధ్య ఉన్న 3,758 మంది బస్తీ పిల్లలను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి 12 వారాల పాటు రోజూ షిరోటా రకం ఉన్న పానీయం, మరో బృందానికి ఆ బ్యాక్టీరియా లేని పోషక పానీయం ఇచ్చారు. తర్వాత మరో 12 వారాలు కనిపెట్టి చూశారు. మొదటి బృందంలో 608 మందికి, రెండో బృందంలో 674 మందికి విరేచనాలయ్యాయి. రక్షణ 14 శాతం. 2011లో ప్రచురించిన ఈ ఫలితం నిజమైనదే, కానీ చిన్నది. శుభ్రమైన నీళ్లు, చేతులు కడుక్కోవడం, రోటావైరస్ టీకా చేసే పని అది చేయదు. వాటికి తోడుగా మాత్రం పనికొస్తుంది.

మన పొరుగున ఒడిశా పల్లెల్లో జరిగిన పరీక్ష మరీ గొప్పది. పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులతో దీన్ని నడిపింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే రకాన్ని, దానికి ఆహారంగా ఫ్రక్టో ఒలిగోశాకరైడ్ అనే చక్కెరను కలిపి వారం రోజులు ఇచ్చారు. రెండు నెలలు గమనించారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 9 శాతం మంది శిశువులు రక్తంలో ఇన్ఫెక్షన్ బారిన పడ్డారు లేదా చనిపోయారు. ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో అది 5.4 శాతమే. అంటే ముప్పు 40 శాతం తగ్గింది. 2017లో నేచర్ పత్రిక దీన్ని ప్రచురించింది. ఇక్కడొక మాట గమనించాలి. ఆ రకం పాల నుంచి వచ్చింది కాదు, మనిషి పేగుల్లోంచి వేరుచేసినది. ఎన్నో రకాలను వడగట్టి ఎంచుకున్నది. శిశువులు కూడా తగిన బరువుతో పుట్టినవారు. ఇది చూసి పసిబిడ్డకు పెరుగో, కొట్లో సీసానో పట్టడం ప్రమాదం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే.

మన పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలూ ఈ దారిలో నడిచారు. డాక్టర్ ఆర్. హేమలత బృందం మురికివాడలో బడి ఈడుకు రాని పిల్లలకు లాక్టోబాసిల్లస్ పారాకేసీ, బిఫిడోబ్యాక్టీరియం లాక్టిస్ ఇచ్చి, విరేచనాలు, జ్వరాల మీద ప్రభావాన్ని పరిశీలించింది. అది 2014లో అచ్చయింది. రెండు నుంచి ఐదేళ్ల పిల్లల్లో ఇవి పేగు బ్యాక్టీరియాను, చిన్న కొవ్వు ఆమ్లాలను ఎలా మారుస్తాయో 2017లో మరో పత్రంలో వివరించింది.

పెద్దల విషయంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2021లో ఆసక్తికరమైన ఫలితం ప్రకటించింది. 36 మందిలో కొందరు పది వారాలు పెరుగు, కెఫిర్, పులియబెట్టిన కూరగాయలు ఎక్కువగా తిన్నారు. మిగతావాళ్లు పీచు ఎక్కువున్న ఆహారం తిన్నారు. మొదటి బృందంలో పేగు బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో మంటను సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. చిన్న అధ్యయనమే అయినా, రకరకాల పులిసిన ఆహారాలకు ఒంటి మీద ప్రభావం ఉందని చూపింది.

యాంటీబయాటిక్‌లూ పెరుగన్నమూ

యాంటీబయాటిక్ రాసిన డాక్టరు ‘పెరుగన్నం తినండి’ అని చెప్పడం మనకు మామూలే. ఈ కథలో ఒక తెలుగువాడి పాత్ర ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి పొట్టనపెట్టుకుంది. తిన్నది ఒంటబట్టక, ఆగని విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని కరిగించే పేగు జబ్బు అది. సుబ్బారావు కూడా దాని బారినపడి బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లీ పరిశోధనశాల సారథిగా, స్ప్రూకు విరుగుడైన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో తన బృందంతో కృత్రిమంగా తయారుచేయించారు. ఆ విటమిన్‌ను వెతకడానికి సాయపడింది పాల బ్యాక్టీరియానే. లాక్టోబాసిల్లస్ కేసీ ఎదగడానికి తప్పనిసరైన పదార్థంగా దాన్ని గుర్తించారు, ‘కేసీ ఫ్యాక్టర్’ అని పిలిచారు. అదే పరిశోధనశాలలో ఆయన సారథ్యంలోనే బెంజమిన్ డగ్గర్ తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. అది 1948లో వైద్యులకు అందింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు.

ఎన్నో ప్రాణాలు నిలిపిన ఈ మందులు కలుపుతో పాటు పైరునూ కోసేస్తాయి. హానికర బ్యాక్టీరియాతో పాటు పేగుల్లోని మంచి జీవులూ పోతాయి, కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. దీనికి ప్రోబయోటిక్ పనిచేస్తుందా? పిల్లల మీద జరిగిన 33 పరీక్షలను 2019లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. ప్రోబయోటిక్ తీసుకున్నవారిలో 8 శాతానికి, తీసుకోనివారిలో 19 శాతానికి విరేచనాలయ్యాయని లెక్క తేలింది. పెద్దల విషయంలో ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయి. లండన్ ఆసుపత్రుల్లో 135 మంది వృద్ధులతో జరిపిన పరీక్షలో కేసీ రకమున్న పాల పానీయం తాగనివారిలో 34 శాతానికి, తాగినవారిలో 12 శాతానికి విరేచనాలయ్యాయని 2007లో వెల్లడైంది. దాదాపు 3,000 మంది వృద్ధులతో బ్రిటన్‌లో గుళికలు ఇచ్చి చూసిన పరీక్షలో ఏ తేడా లేదని 2013లో తేలింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ 2018లో ఇంకో హెచ్చరిక చేసింది. యాంటీబయాటిక్ తర్వాత 11 రకాల ప్రోబయోటిక్ మిశ్రమం తీసుకున్నవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి కోలుకోవడం ఆలస్యమైంది.

పెరుగన్నం సంగతి వేరు. జబ్బుపడ్డ మనిషికి తేలికగా అరిగే ప్రొటీన్, నీరు, ఉప్పు అందుతాయి. ఆ సలహా మంచిదే. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు మింగేటప్పుడు మాత్రం పాలు, పెరుగు రెండు గంటలు ఎడంగా ఉండాలి. వాటిలోని క్యాల్షియం మందును పట్టేసి ఒంట్లోకి పోనివ్వదు.

పనిచేయనిచోట, కీడు చేసినచోట

అమెరికా, కెనడాల్లో వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికొచ్చిన పిల్లలకు ప్రసిద్ధ లాక్టోబాసిల్లస్ రకాలు ఇచ్చి చూశారు. రెండు చోట్లా ఉపయోగం కనిపించలేదని 2018లో ఒకేసారి వెల్లడైంది. అక్కడా ఇక్కడా పిల్లలకు ప్రాణం కాపాడేవి ఓఆర్ఎస్, జింకే. సీసా కోసం వెతుకుతూ ఓఆర్ఎస్ ఆలస్యం చేయకూడదు.

నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమవాపుతో ఉన్న 298 మందిపై జరిగి, 2008లో ఫలితాలు వెలువడిన పరీక్ష విషాదంగా మారింది. ప్రోబయోటిక్ ఇచ్చిన బృందంలో 16 శాతం, ఇవ్వని బృందంలో 6 శాతం చనిపోయారు. నెలలు నిండని శిశువులకు ఆసుపత్రుల్లో వీటిని ఇవ్వడం మీద 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీచేసింది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి అయినవారు, ఐసీయూలో ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోకూడదు. ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో పెరుగు గిన్నెకు ఈ భయం వర్తించదు.

కప్పు తిప్పి చూడండి

ఇప్పుడు మళ్లీ కొట్లో కప్పు చేతికి తీసుకుందాం. ముందువైపు పెద్దక్షరాలు వదిలేసి వెనక్కు తిప్పండి. మొదటిది, బ్యాక్టీరియా పూర్తి పేరు. జాతి పేరుతో ఆగిపోతే చాలదు, దాని తర్వాత రకాన్ని తెలిపే అక్షరాలో అంకెలో ఉండాలి. రెండోది, సంఖ్య. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం రోజుకు తీసుకునే మోతాదులో కనీసం 10 కోట్ల సజీవ జీవులుండాలి. మూడోది, చల్లదనం. కరెంటు పోయి గంటల తరబడి వెచ్చబడిన ఫ్రిజ్‌లో ఆ సంఖ్య నిలవదు. నాలుగోది, చక్కెర. తియ్యటి పానీయం రోజూ పిల్లలకు పట్టడం మరో సమస్యను కొనితెచ్చుకోవడమే. వీటికి మించి, ఆ రకం మీద, మీకున్న ఇబ్బంది మీద మనుషుల్లో పరీక్ష జరిగిందా అన్నది అసలు ప్రశ్న. ప్రోబయోటిక్ ఆహారాలను ఎలా పరీక్షించాలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2011లోనే మార్గదర్శకాలిచ్చాయి.

ఇంట్లోనూ ఒక జాగ్రత్త ఉంది. పెరుగును మరిగిస్తే అందులో జీవులు చచ్చిపోతాయి. మజ్జిగ పులుసుకు, ఎండబెట్టి వేయించిన చల్ల మిరపకాయలకు రుచి ఉంది, పోషకం ఉంది, ప్రాణమున్న బ్యాక్టీరియా లేదు. అది కావాలంటే పెరుగు చల్లగానే తినాలి.

పేగుకు తిండి పెట్టాలి

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు చెప్పారు. దాంతో పాటే 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు, 100 గ్రాముల పండ్లు చెప్పారు. పెరుగు గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండో సగాన్ని మరిచిపోతున్నారు. మన పేగుల్లో ఇప్పటికే ఉన్న లక్షల కోట్ల జీవులకు తిండి పీచు నుంచే వస్తుంది. తెల్లన్నం, పెరుగు, పచ్చడితో ముగిసే భోజనంలో వాటికి దక్కేది కొంచెమే. రాగి అంబలిలో మజ్జిగ పోసుకుని, పక్కన పచ్చి ఉల్లిపాయ నంజుకునే భోజనంలో వాటికి వాటా ఉంది. ఒడిశా పరీక్షలో బ్యాక్టీరియాకు ఆహారంగా కలిపిన ఫ్రక్టో ఒలిగోశాకరైడ్ ఉల్లిపాయలోనూ సహజంగా ఉంటుంది. ఆ శిశువుల మీద వచ్చిన ఫలితం ఉల్లిపాయ ఇస్తుందని కాదు. మంచి జీవి, దానికి తగిన తిండి కలిసి రావాలన్న సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే.

కొనలేనివాళ్లు బాధపడాల్సిన పని లేదన్నది ఈ పరిశోధనలన్నీ చెప్పే మొదటి మాట. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి రోజూ ఇంటి పెరుగు, కూరలు, పప్పు పెట్టే తల్లి ఏ సీసా కొనకపోయినా వాడికి ఏమీ తక్కువ చేయడం లేదు. ప్రత్యేక జబ్బుకు ప్రత్యేక రకం కావాల్సి వస్తే అది డాక్టరు చెప్పాలి, ప్రకటన కాదు.

రెండో మాట ప్రభుత్వానికి, సంస్థలకు. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు రోజుకు 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. పాలు తాగితే కడుపుబ్బరమని కొందరు తల్లులు ఆ గ్లాసు పక్కన పెట్టేస్తే ఖర్చు చేసిన సొమ్ముకు ఫలితం రాదు. పాలు పడని తల్లికి అదే పాలను తోడేసి పెరుగుగా ఇచ్చే ఏర్పాటు ప్రతి కేంద్రంలో ఉండాలి. దానికి ఒక గిన్నె, ఒక చెంచా తోడు, శుభ్రత చాలు. హాస్టల్ మెస్సుల్లో నీళ్ల మజ్జిగకు బదులు చిక్కటి పెరుగు వడ్డించాలి. పెరుగు కప్పు మీద బ్యాక్టీరియా రకం పేరు, సంఖ్య తెలుగులో అచ్చువేయాలి. పాలు మనకెందుకు అరగవో యాభై ఏళ్ల కిందటే తార్నాకలో పరిశోధించారు. ఆ జ్ఞానం రోడ్డు దాటి అంగన్‌వాడీ గ్లాసులోకి, హాస్టల్ కంచంలోకి చేరడానికి ఇంకా ఆలస్యం చేయకూడదు.